చివరి పదహారు పేజీలు

పోయిన శుక్రవారం తిరుచానూరులో పూలు కొనడానికి ఆగాను. పూలమ్మే ఆవిడ గంప పక్కన కూర్చుని ఫోన్లో ఏదో చదువుకుంటోంది. మూర ఎంతని అడిగాను. పలకలేదు. రెండోసారి గట్టిగా అడిగాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాన్ని దాచుకునే అలవాటు కూడా లేదు.

“ఉండక్కా, రెండు పేజీలే ఉండాయి. వాడు దొరికిపొయ్యేటట్టుండాడు,” అంది తలెత్తకుండా.

ఏమిటా అని వంగి చూశాను. ఒక వాక్యం చదివేసరికి గుర్తుపట్టాను. ఆ వాక్యాన్ని టైపు చేసింది నేనే. చెప్పి రాయించిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆయన పట్టించబోయే హంతకుడి కోసం ఈవిడ బేరం మానుకుని కూర్చుంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడ చదవడం పూర్తిచేసేదాకా ఎండలో అలాగే నిలబడ్డాను. ముగించి, ఫోను పక్కన పెట్టి, “రాసినోడెవడో గానీ గట్టోడక్కా,” అంది. ఆ మాట ఆయన వింటే ఎంత బాగుండేది!

ఆయన పేరు చెప్పను. ఇంట్లో ఒక పేరు, బజారులో ఒక పేరు, అట్టమీద ఒక పేరు ఉండేవి ఆయనకి. ఏ ఒక్కటి చెప్పినా మిగతా ఇద్దరూ నా మీద అలుగుతారు.

తిరుపతి బజారులో మా డీటీపీ షాపుకు నాలుగు షాపుల అవతల ఆయన రేకు పెట్టెల షాపు. తాతల నాటిది. ముందు గదిలో పనివాళ్ళు రేకు కొట్టేవాళ్ళు. వెనక గదిలో ఒక పెట్టె బోర్లించుకుని దానిమీద కాగితాలు పెట్టుకుని ఈయన మనుషుల్ని చంపేవాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, రాసేది తెలుగు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, “అన్నం ఒక భాషలో తింటా, హత్యలు ఒక భాషలో చేస్తా. నీకేమప్పా కష్టం?” అనేవాడు.

మొదటిసారి మా షాపుకు బిల్లు పుస్తకాలు వేయించుకోవడానికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నాలుగు గోడలూ చూసి, “వెనకాల తలుపు లేదా పాపా?” అన్నాడు.

“లేదు సార్. ఎందుకు?”

“అయితే ఈడ హత్య చేసేది కష్టం. ముందు తలుపులోనే రావాల, ముందు తలుపులోనే పోవాల. టీ కొట్టాయన సూసేస్తాడు.”

పెళ్ళికి పోయినా, బ్యాంకుకు పోయినా, ఆసుపత్రిలో కంటి ఆపరేషన్‌కు పడుకోబెట్టినా ముందు తలుపులు లెక్కపెట్టుకునేవాడు. ఇంకో అలవాటు ఉండేది. ఎదురుపడిన మనిషిని క్షేమం అడగడానికి బదులు, “నిన్న సాయంత్రం నాలుగ్గంటలకు యాడుండావు?” అని అడిగేవాడు. పోస్టుమ్యాన్ అయితే ఆయన్ని దూరం నుంచి చూడగానే జవాబు తయారు చేసుకునేవాడు. ఒకరోజు చీకటిపడే వేళ నన్నూ అడిగాడు, నిన్నటిది కాదు, ఆ రోజు నాలుగ్గంటల సంగతే. షాపులోనే ఉన్నానని చెప్పాను.

“అబద్దం. నీ షట్టరు సగం దించి ఉండింది. దోసె తినేదానికి పోయినావు. చట్నీ నీ చీర అంచు మీద ఇంకా ఉండాది.”

చూసుకుంటే నిజమే. సిగ్గుతో చచ్చాను. దోసె తినడం నేరమా అని ఆయన మీద అరిచాను కూడా. నాకు నలభై దాటినా ఆయనకు నేను పాపనే కాబట్టి, అరిస్తే నవ్వేవాడు.

ఆయనకు కొన్ని నియమాలు ఉండేవి. ఆయన నవలల్లో హంతకుడు తప్పకుండా అన్నం తింటాడు. “కడుపు నిండినోడు చెప్పే అబద్దం వేరే, ఆకలిగా ఉండేవాడు చెప్పే అబద్దం వేరే” అనేవాడు. కొండమీద హత్య జరగడానికి లేదు. “కొండ కింద ఎంతమందినైనా చంపుతా, కొండ మీద మాత్రం చీమను గూడా చంపను” అని ముందే చెప్పేవాడు. తిరుచానూరు లాడ్జీల్లో, తడ దగ్గర హైవే మీద, చిత్తూరు బస్టాండులో మాత్రం ఆయన చేతిలో పోయినవాళ్ళకు లెక్కలేదు.

నేను స్కూల్లో చదివే రోజుల్లోనే ఆయన నవలలు చదివాను, అద్దె పుస్తకాల షాపులో. మా ఊళ్ళో ఆ షాపులకు ఒక పద్ధతి ఉండేది, ఇంకెక్కడా ఉన్నట్టు నేను వినలేదు. డిటెక్టివ్ నవల అద్దెకు తీసుకుంటే చివరి ఫారం ఇచ్చేవాళ్ళు కాదు. ఫారమంటే ఒకే కాగితం మీద అచ్చై మడతపడి వచ్చే పదహారు పేజీలు. షాపాయన దాన్ని బ్లేడుతో కోసి, నంబరు వేసి, కౌంటరు కింద పెట్టుకునేవాడు. పుస్తకం వాపసు తెస్తేనే ఆ పదహారు పేజీలు చేతికిస్తాడు. అక్కడే నిలబడి చదివి, ఇచ్చేసి పోవాలి. సాయంత్రాలు ఆ కౌంటరు ముందు బడిపిల్లలం, కండక్టర్లు, గుమాస్తాలు అందరం వరసగా నిలబడి నోరు తెరుచుకుని చదువుతుండేవాళ్ళం. ఒకరి తర్వాత ఒకరు “ఓరి వీడా!” అంటుంటే, ఇంకా ఆ పేజీకి రానివాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు.

తర్వాత ఆ షాపులు మూతపడ్డాయి. మొదట టీవీ వచ్చింది, తర్వాత ఫోన్లు వచ్చాయి. విజయవాడ పబ్లిషర్లు ఉత్తరాలకు జవాబు ఇవ్వడం మానేశారు. ఆయన రాయడం ఆపేశాడు. ఎవరైనా అడిగితే, “జనాలు మంచోళ్ళైపోయినారప్పా, హత్యలు వద్దంటుండారు” అని నవ్వేసేవాడు. 

ఒకరోజు నేనే కదిలించాను. ఫోన్లో పుస్తకాలు చదివించే యాప్ ఒకటి చూపించి, మీ నవలలు ఇందులో పెడదాం సార్ అన్నాను.

“కాగితం లేని పుస్తకమా? ఫోను పోతే?”

“ఇంకో ఫోన్లో తెరిస్తే ఆడ ఉంటాది.”

“ఎవడన్నా మొదటి పేజీలో హంతకుడి పేరు రాస్తే?”

అది ఆయన జీవితంలో పెద్ద బాధ. అద్దె పుస్తకాల మీద కొందరు పోకిరీలు మొదటి పేజీలోనే ‘చంపింది వంటవాడు’ అని ఇంకుతో రాసి పెట్టేవాళ్ళు. ఈయన బ్లేడు జేబులో వేసుకుని షాపు షాపుకూ తిరిగి ఆ రాతలు గీకేవాడట.

“రాయలేరు సార్. పెన్నుతో రాస్తే వాళ్ళ ఫోనే పాడైపోతాది.”

 నేను అక్షరాల సైజు పెంచి చూపించాను. ఆపరేషనైన కంటికి దగ్గరగా పెట్టుకుని, “బఠాణీలంత అయినాయి గదా పాపా!” అన్నాడు. మర్నాడు పొద్దున నేను షట్టరు తీసేసరికి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

తన పుస్తకాలు తనే దాచుకోని మనిషి ఆయన. అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశాడు. ఫేస్‌బుక్‌లో అడిగి, హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి ఒక్కొక్కటే తెప్పించి, అంతా కొత్తగా టైపు చేశాను. ఒక్కో నవల ఫోన్లోకి ఎక్కుతుంటే ఆయన వయసు ఒక్కో ఏడు తగ్గింది. దుబాయి నుంచి ఒకరు, బెంగుళూరు నుంచి ఒకరు రాసిన నాలుగు ముక్కలు నా చేత పదిసార్లు చదివించుకునేవాడు. బజారంతా వినేలా చదవమనేవాడు. నేను చదివేదాన్ని కూడా.

ఒక్క నవల మాత్రం మిగిలిపోయింది, చిన్నప్పుడు నా కంటా పడనిది. ఐరాల దగ్గర చెరుకు గానుగ యజమాని హత్య కథ అది. కారు ఛేజింగు లేదు, క్లబ్బు డాన్సు లేదు, బెల్లం వాసన కొట్టే ఈ పల్లెటూరి హత్య ఎవడికి కావాలని పబ్లిషరు వెనక్కి పంపాడట. ఈయన పట్టుదలగా చిత్తూరు ప్రెస్సులో సొంతంగా అచ్చువేయించి మన జిల్లా అద్దె షాపులకే ఇచ్చాడు. “మిగతావన్నీ కడుపు కోసం రాసినా పాపా. అది నాకోసం రాసినా. అదొక్కటి నలుగురూ చదివితే నేను రచయితనే అని నాకు నమ్మకం వస్తాది,” అన్నాడు. అంతకు ముందెప్పుడూ ఆయన అలా మాట్లాడగా నేను వినలేదు.

దాని కోసం అడిగితే మూడు కాపీలు వచ్చాయి. చిత్తూరు నుంచి ఒకటి, తడ నుంచి ఒకటి, ఐరాల నుంచి రిటైరైన టీచరు ఒకాయన పంపింది ఒకటి. మూడింటికీ చివరి ఫారం లేదు. మూడూ అద్దెకు తీసుకుని వాపసు ఇవ్వని పుస్తకాలే. కౌంటరు కింద ఉన్న ఫారాలన్నీ షాపులతో పాటే తూకానికి పోయాయి.

“ఆ బ్లేడు పద్ధతి కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడి చెయ్యి పడిపోను!” అని తిట్టాను.

ఆయన పెట్టె మీద చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా, “నేనే పాపా,” అన్నాడు.

ఆయన పుస్తకాలు తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వడం లేదని తిరుపతి షాపాయన ఇక కొననన్నాడట. అప్పుడు ఈయనే ఆ ఉపాయం చెప్పాడు. అది పనిచేసేసరికి జిల్లా అంతా పాకింది. ఇన్ని నవలల్లో ఇంతమంది దొంగల్ని పట్టుకున్న మనిషి, తన నవల చివర కోయించింది తనే. 

“పోనీలెండి సార్. ఎవరు చంపినారో మీకు తెలుసు గదా. ఆ పదహారు పేజీలు మళ్ళీ చెప్పండి, టైపు చేస్తా.”

ఆయన నా మొహం చూడలేదు. “గుర్తు లేదు పాపా.”

ఆయన భార్యను అడిగాం. ఆమెను నేను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేదాన్ని. ఆపాకు తెలుగు చదవడం రాదు. కానీ ప్రతి నవలా రాసేటప్పుడు అన్నం దగ్గర ఆమెకు కథ చెప్పేవాడు. ఆపా చేతిలో పని ఆపకుండానే, “నువ్వు చంపినోళ్ళు ఎంతమంది! అందరినీ నేను యాడ గుర్తుపెట్టుకునేది? వాళ్ళలో ఒక్కరన్నా మన చుట్టమా?” అంది.

ఏదో ఒక ముగింపు రాసేద్దామన్నాను. అంత కోపంగా ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. “ఏదో ఒకటా? నిరపరాధిని ఉరికి పంపమంటావా?” అని లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత పది రోజులు తన నవల తనే పాఠకుడిలా చదివాడు. అనుమానితులు నలుగురు. చనిపోయినాయన తమ్ముడు, గుమాస్తా, ఊరి డాక్టరు, తడలో ఉండే బావమరిది. నలుగురి పేర్లూ చీటీల మీద రాసి పెట్టెల మూతలకు అంటించాడు. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో వాటి కింద రాసుకుంటూ పోయాడు. షాపుకు వచ్చిన వాళ్ళు ఆ పెట్టెలు అప్పటికే అమ్ముడుపోయాయేమో అనుకుని వెనక్కి పోయేవాళ్ళు. ఆయన చిక్కిపోయాడు. ఆపా వచ్చి నన్ను కోప్పడింది. “ఆయనకు ఈ ఫోను పిచ్చి ఎక్కించింది నువ్వే. ఆ సచ్చినోణ్ణి ఎవరు చంపితే మనకేమి? ఈయనకేమన్నా అయితే?” అంది. నేనూ లోపల భయపడుతూనే ఉన్నాను.

పదకొండో రోజు పొద్దున నేను అక్కడే ఉన్నాను. కొండ దిగి వచ్చిన కుటుంబమొకటి షాపు ముందు ఆగింది. పెద్దాయనకు కొత్తగా చేయించిన గుండు, పైన గంధం కాస్త ఎండి రాలుతోంది. పెట్టె బేరం చేస్తున్నాడు. ఈయన ధర చెప్పకుండా ఆయన తల వైపు గుడ్లప్పగించి చూస్తున్నాడు.

“అప్పా, తలనీలాలు ఎప్పుడిచ్చినావు?”

“ఈ పొద్దే సార్. ఎందుకట్ల సూస్తా ఉండావు?”

“ముఖం నల్లగా ఉండాది. గుండు తెల్లగా ఉండాది!”

పాపం ఆ పెద్దాయన, “ఎండలో పని చేసేవోణ్ణి, అట్లనే ఉంటాది గదా,” అని నొచ్చుకున్నాడు. ఈయన మాత్రం లేచి నా భుజం పట్టుకుని ఊపేశాడు. “పాపా! నాలుగో అధ్యాయం! బావమరిది గుండు సూడు!”

పరుగెత్తి మా షాపుకు వచ్చి ఫైలు తెరిచాం. హత్య జరిగిన రోజు తాను కొండమీద తలనీలాలు ఇస్తున్నానని బావమరిది చెబుతాడు. సాక్ష్యం ఆ గుండే. మర్నాడు అతను ఐరాలలో దిగిన చోట ఒక వాక్యం ఉంది. ‘ఎండకు అతని ముఖమూ గుండూ ఒకే రంగులో నిగనిగలాడుతున్నాయి.’ నా చేత్తో టైపు చేసిన వాక్యమే. రోజూ వేల గుండ్లు చూసే ఊళ్ళో ఉండి కూడా నాకు తట్టలేదు. ఆ గుండు ముందు రోజుది కాదు. ఎప్పుడో పది రోజుల ముందు పక్క రాష్ట్రంలో గీయించుకుని, రోజూ తనే బ్లేడు పెట్టుకుంటూ తడ ఎండలో తిరిగినవాడి గుండు అది.

“ఎంత తెలివిగా దాచిపెట్టినానో సూసినావా!” అని ఆయన చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ మధ్యాహ్నమే చివరి పదహారు పేజీలూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అన్నానికి కూడా లేవలేదు. వారం తిరక్కుండానే నవల ఫోన్లలోకి ఎక్కింది. బెల్లం వాసన కొట్టే ఆ పల్లెటూరి హత్యను జనం ఎగబడి చదివారు. మా ఊరి కథ అని కొందరు, మా మాట అని కొందరు రాశారు. ఆయన పనివాళ్ళందరికీ బిర్యానీ తెప్పించాడు.

మూడో వారంలో ఫోనొచ్చింది. నవల చివర నా నంబరు వేశాం కాబట్టి నాకే వచ్చింది. ఎవరో పెద్దాయన గొంతు. ఈయన పక్కనే ఉంటే స్పీకరు పెట్టాను.

“రాసినాయనేనా? సామీ, నేను కొండమీద కల్యాణకట్టలో గుండ్లు చేసినోణ్ణి. రిటైరైనా. మా కోడలు ఫోన్లో మీ బుక్కు పెట్టిచ్చింది. మంచి పని చేసినారు, ఇన్నాళ్ళకు డాక్టర్ని ఇడిసిపెట్టినారు.”

“ఏ డాక్టరప్పా?”

“అదేంది సార్! అప్పట్లో మీరు డాక్టర్ని గదా జైలుకు పంపినారు? నేను కౌంటరు కాడ నిలబడి చదివినా. షాపాయనతో కొట్లాడినా గూడా. ఆ గుండు నిన్నటిది కాదయ్యా, ఈ చెయ్యి రోజూ గీస్తా ఉండాది, నాకు తెల్దా అంటే వినలా. డాక్టర్ని ఇడిపిచ్చే దాకా ఈ బుక్కు వాపసు ఇయ్యనని ఇంటికి తెచ్చేసినా. ఇంకా నా దగ్గరే ఉండాది.”

 ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నోరు విప్పి, నాతో కాదు, తనతో తానే అన్నట్టు చెప్పాడు. “అవును. చివరి ఫారానికి కాగితం తక్కువ పడిందని ప్రెస్సాయన నెత్తిన కూర్చున్నాడు. తొందరలో డాక్టరు మీద తోసేసినా.” అంటే ఆ రంగు సంగతి ఆయన దాచిపెట్టింది కాదు. ఊరికే వర్ణనకు రాసుకున్నది. ఇన్ని రోజులూ చప్పట్లు కొట్టుకున్న తెలివి ఆయనది కాదు.

ఏమైపోతాడోనని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

“అప్పా, నేను ఓడిపోయినా. నువ్వు నాకంటే ముందే పట్టినావు. నేను ముప్పై ఏళ్ళు తప్పినా.”

“అట్లంటే ఎట్ల సార్? రంగు రాసింది మీరే గదా. మీరు రాయకుంటే నాకెట్ల తెలస్తాది?”

ఆ మాటకు ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అచ్చైన పుస్తకమైతే అంతటితో పోయేది. ఇది ఫోన్లో పుస్తకం. ఆ మధ్యాహ్నమే మళ్ళీ కూర్చున్నాం. కొత్త ముగింపులో నిజం పట్టుకునేది ఆయన డిటెక్టివ్ కాదు. ఇనస్పెక్టర్ గదిలో ఒక మూల నిలబడ్డ కల్యాణకట్ట మనిషి ముందుకొచ్చి, నిందితుడి తల మీద చెయ్యి పెట్టి, ‘ఇది నిన్నటి గుండు కాదు సార్’ అంటాడు. ఇన్ని నవలల్లో ఎవరికీ తలవంచని డిటెక్టివ్ లేచి ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తాడు. సాయంత్రానికల్లా దాన్ని యాప్‌లోకి ఎక్కించాను.

మూడో రోజు పదిగంటలప్పుడు షాపు ముందు సందడి వినిపిస్తే బయటికి వచ్చాను. తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన పాత పుస్తకం. ఆయన చెయ్యి పట్టుకుని మా రచయిత బజారులో షాపు షాపుకూ తిప్పుతున్నాడు. కిరాణా షాపు ముందు ఆగాడు, గాజుల షాపు ముందు ఆగాడు, టీ కొట్టు ముందు ఆగాడు. ప్రతిచోటా అదే మాట, గొంతెత్తి, ఆరోజు దాకా నేను వినని గర్వంతో చెబుతున్నాడు.

“సూడండప్పా, ఈయన నన్ను చదివినాడు.”